ప్లాస్మా తెర - వర్ణదోష నిదానం

రోగానికి చికిత్స చేయడానికి ముందు దాని మూలకారణాన్ని గుర్తించాలి. ఈ గుర్తింపునే ఆయుర్వేదం 'నిదానం' అని పేర్కొంది. లోకవ్యవహారంలో అదే మాటకు తొందరపాటు లేకపోవడం అనే అర్థం కూడా ఏర్పడింది. యంత్రాల విషయంలో ఈ రెండు అర్థాలూ కలిసే వర్తిస్తాయి. ఇంట్లోని టెలివిజన్ తెర ఒకనాడు ఉన్నట్టుండి ఆకుపచ్చగానో, గులాబీ రంగుగానో కనబడితే 'తెర పాడైపోయింది' అని తీర్మానించడం చాలా సులభం. కాని ఆ రంగు ఎక్కడ పుట్టిందో తెలుసుకొనక ముందే చేసే తీర్మానం వలన, పది నిమిషాలలో సరిచేయదగిన లోపానికి వేల రూపాయలు వ్యయం కావచ్చు. బాగున్న పరికరం చెత్తకుప్పకు చేరనూ వచ్చు.

ప్లాస్మా టెలివిజన్ల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ప్లాస్మా తెరను 1964లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ అనే ముగ్గురు రూపొందించారు. 'ప్లేటో' అనే విద్యాబోధక కంప్యూటర్ వ్యవస్థ కొరకు తయారైన ఆ తొలి తెర నారింజ రంగు వెలుగును మాత్రమే ఇచ్చేది. 1992లో జపాన్‌కు చెందిన ఫుజిత్సు సంస్థ 21 అంగుళాల రంగుల ప్లాస్మా తెరను తయారుచేసింది. తరువాతి కాలంలో పెద్ద తెరలంటే ప్లాస్మా తెరలే అన్నంతగా వాటికి ఆదరణ లభించింది. అయితే ఎల్.సి.డి. తెరలు చౌకగా లభించడంతో వీటి గిరాకీ తగ్గింది. పానసోనిక్ సంస్థ 2013లోను, శామ్‌సంగ్, ఎల్.జి. సంస్థలు 2014లోను వీటి ఉత్పత్తికి స్వస్తి చెప్పాయి. కనుక నేడు పనిచేస్తున్న ప్రతి ప్లాస్మా టెలివిజన్ పాతదే. దాని తెర నిజంగా పాడైతే కొత్తది దొరకడం కష్టం. పాడుకాని తెరను పాడైందని పారవేస్తే ఆ నష్టం తీరనిది.

రంగు పుట్టే తీరు

దోషాన్ని గుర్తించాలంటే మొదట సహజస్థితిని తెలుసుకోవాలి. ప్లాస్మా తెరలో రెండు గాజు పలకల మధ్య లక్షలాది సూక్ష్మమైన గదులు ఉంటాయి. వాటిలో నియాన్, జినాన్ మొదలైన వాయువుల మిశ్రమం నింపబడి ఉంటుంది. ఎలక్ట్రోడ్ల ద్వారా విద్యుత్తు ప్రసరించినప్పుడు ఆ వాయువు ప్లాస్మా స్థితిని పొంది, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను వెలువరిస్తుంది. గది లోపలి గోడలకు ఫాస్ఫర్ అనే పదార్థాన్ని పూతగా పూస్తారు. ఆ కిరణాలు సోకగానే ఈ పూత వెలుగుతుంది. ట్యూబ్‌లైటు వెలిగేది కూడా ఇదే సూత్రం మీద. ఒక గదిలోని పూత ఎర్రగా, మరొక దానిలోనిది పచ్చగా, మూడవ దానిలోనిది నీలంగా వెలుగుతుంది. ఈ మూడు గదులు కలిసి చిత్రంలోని ఒక బిందువు అవుతాయి. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల తెరలో 20,73,600 బిందువులు, అంటే 62,20,800 గదులు ఉంటాయి.

ఈ మూడు వర్ణాలూ తగిన పాళ్ళలో కలిసినప్పుడు తెలుపు ఏర్పడుతుంది. ఎరుపు లోపిస్తే తెలుపు ఉండవలసిన చోట నీలి ఆకుపచ్చ కనబడుతుంది. ఆకుపచ్చ లోపిస్తే ముదురు గులాబీ రంగు, నీలం లోపిస్తే పసుపు రంగు ఏర్పడతాయి. అందుచేత తెరపై కనబడే రంగును బట్టి లోపించిన రంగును ఊహించవచ్చు. అయితే అది ఎక్కడ లోపించింది అనేదే అసలు ప్రశ్న. చిత్ర సంకేతం సెట్ టాప్ బాక్సులో బయలుదేరి, కేబుల్ గుండా ప్రయాణించి, టెలివిజన్‌లోని బోర్డులను దాటి, చివరకు తెరను చేరుతుంది. ఈ మార్గంలో ఎక్కడైనా లోపం ఏర్పడవచ్చు.

తొలి పరీక్ష

ఈ దారిని రెండుగా విభజించి చూడడానికి ఒక సులభమైన ఉపాయం ఉంది. రిమోట్‌లోని మెనూ మీటను నొక్కినప్పుడు తెరపై కనబడే అక్షరాలు బయటి నుండి వచ్చేవి కావు. వాటిని టెలివిజనే స్వయంగా సృష్టిస్తుంది. చిత్రం పచ్చగా ఉండి, మెనూలోని తెల్లని అక్షరాలు తెల్లగానే ఉంటే తెర ఆరోగ్యంగా ఉన్నట్లే. అప్పుడు దోషాన్ని సెట్ టాప్ బాక్సు, కేబుల్, సాకెట్టు, చిత్రపు అమరికలలో వెదకాలి. మెనూ అక్షరాలకు కూడా అదే రంగు అంటితే దోషం టెలివిజన్ లోపల ఉండే అవకాశం ఎక్కువ.

రంగు తేడా స్వల్పంగా ఉన్నప్పుడు రంగుల చిత్రాన్ని చూసి దానిని పసిగట్టడం కష్టం. అప్పుడు నలుపు తెలుపు చిత్రమే చక్కని ఒరగల్లు. 1957లో విడుదలైన 'మాయాబజార్' చిత్రపు అసలు ప్రతిని, అంటే తరువాత రంగులద్దనిదానిని, తెరపై చూస్తే అందులో నలుపు, తెలుపు, వాటి మధ్య బూడిద ఛాయలు తప్ప మరేమీ కనబడకూడదు. ఏ రంగు కనబడినా అది టెలివిజన్ గాని, దానికి సంకేతాన్ని అందించే పరికరం గాని చేర్చినదే. మసక వెలుతురులో, కొంతసేపు చూసిన తరువాతనే నిర్ణయానికి రావాలి. గదిలోని దీపపు రంగుకు కన్ను అలవాటు పడుతుంది కాబట్టి, అది అన్ని వేళలా తెలుపును ఒకే విధంగా గ్రహించదు.

వెలుపలి కారణాలు

వెలుపలి కారణాలలో తరచుగా కనబడేది కేబుల్ లోపం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ప్లగ్గులు మూడు గల కాంపొనెంట్ కేబుల్‌లో వెలుగునీడల సమాచారం ఆకుపచ్చ ప్లగ్గు ద్వారా, రంగుల సమాచారం తక్కిన రెండింటి ద్వారా వస్తాయి. వీటిలో ఒకటి వదులైనా, రెండు తారుమారైనా చిత్రం వికృతమవుతుంది. కంప్యూటర్‌ను కలిపే వి.జి.ఎ. కేబుల్‌లో ఒక్కొక్క వర్ణానికి ఒక్కొక్క పిన్ను ఉంటుంది. ఒక పిన్ను వంగినా ఆ వర్ణం పూర్తిగా మాయమవుతుంది.

హెచ్.డి.ఎమ్.ఐ. కేబుల్ వాడినప్పుడు మరొక విధమైన పొరపాటు జరగవచ్చు. పంపే పరికరం రంగులను ఒక పద్ధతిలో పంపగా, టెలివిజన్ మరొక పద్ధతిలో స్వీకరిస్తే నలుపు ఉండవలసిన చోట ఊదా, తెలుపు ఉండవలసిన చోట ఆకుపచ్చ కనబడతాయి. చూసేవారికి ఇది తెర నాశనమైనట్లే తోస్తుంది. కాని నిజానికి అది ఇద్దరు వ్యక్తులు వేరు వేరు భాషలలో మాట్లాడుకొనడం వంటిది. రెండు పరికరాలను ఆపి, కేబుల్‌ను తీసి మళ్ళీ అమర్చి చూడాలి. అప్పటికీ మారకపోతే, పంపే పరికరపు అమరికలలో వర్ణ పద్ధతిని మార్చాలి.

తరువాత టెలివిజన్ అమరికలను పరిశీలించాలి. వర్ణ ఉష్ణోగ్రత 'కూల్' స్థితిలో ఉంటే తెలుపు నీలి వైపు, 'వార్మ్' స్థితిలో ఉంటే ఎరుపు వైపు మొగ్గు చూపుతుంది. చిత్ర ప్రసారాలలో ప్రమాణంగా స్వీకరించిన తెలుపు సుమారు 6500 కెల్విన్‌లకు సంబంధించినది. 'టింట్' అనే అమరిక ముఖాల రంగును ఆకుపచ్చకు, ఊదాకు మధ్య జరుపుతుంది. 1953లో అమెరికా ఆమోదించిన ఎన్.టి.ఎస్.సి. రంగుల ప్రసార పద్ధతిలో సంకేతపు దశ మారితే రంగులే మారిపోయేవి. వాటిని సరిదిద్దడానికి ఈ అమరిక అవసరమైంది. జర్మనీకి చెందిన వాల్టర్ బ్రూక్ రూపొందించిన పాల్ పద్ధతిలో ఆ దోషం తనంతట తానే రద్దవుతుంది. 1982లో రంగుల ప్రసారాలను ప్రారంభించిన మన దేశం ఈ పాల్ పద్ధతినే స్వీకరించింది. డిజిటల్ ప్రసారాలలోనూ అటువంటి దశాదోషానికి తావు లేదు. కనుక టింట్‌ను మధ్యస్థానంలో ఉంచడమే సమంజసం.

ఈ పరీక్షలన్నింటికీ ఒకే నియమం ఉంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కేబుల్‌ను, సాకెట్టును, అమరికను ఒకేసారి మారిస్తే చిత్రం బాగుపడినా, దేనివలన బాగుపడిందో తెలియదు. కారణం తెలియని బాగు ఎప్పుడు చెడుతుందో కూడా తెలియదు.

లోపలి కారణాలు

బయట దోషం లేదని తేలిన తరువాతనే తెర వైపు దృష్టి సారించాలి. పాత పిక్చర్ ట్యూబ్ టెలివిజన్ల దగ్గర అయస్కాంతం ఉంటే రంగుల మరకలు ఏర్పడేవి. ప్లాస్మా తెరలో చిత్రాన్ని గీసే ఎలక్ట్రాన్ పుంజం లేదు కనుక స్పీకర్ల అయస్కాంతాలను ఇందుకు నిందించడం తగదు. ఒకే రంగు గల సన్నని నిలువు గీత శాశ్వతంగా కనబడితే, ఆ వరుసలోని గదులకు సంకేతాన్ని అందించే ఎలక్ట్రోడ్ లేదా దాని కలుపు దెబ్బతిన్నదని భావించవచ్చు. చీకటి దృశ్యాలలో రంగు చుక్కలు మిణుకుమిణుకుమంటే వోల్టేజి అమరికలోనో, విద్యుత్తును అందించే బోర్డులలోనో లోపం ఉండవచ్చు.

చానెల్ చిహ్నం ఉండే మూలలో మరక కనబడడం మరొక సమస్య. ఎక్కువ కాలం వెలిగిన గదులలోని ఫాస్ఫర్ క్షీణిస్తుంది. ఎర్రని చిహ్నం నెలల తరబడి నిలిచిన చోట ఎర్రగదులు బలహీనపడి, తెల్లని దృశ్యంలో ఆ భాగం నీలి ఆకుపచ్చగా కనబడుతుంది. కొద్ది గంటల వలన ఏర్పడిన ఛాయ కదిలే దృశ్యాలను చూపితే క్రమంగా తొలగిపోతుంది. క్షీణత వలన ఏర్పడినది పూర్తిగా తొలగదు. మూడు ఫాస్ఫర్లలో నీలపుది త్వరగా క్షీణించే స్వభావం కలది. కనుక వయస్సు మళ్ళిన తెరలో తెలుపు కొంచెం పసుపు వైపు జరగడం సహజం. అమరికలలో నీలాన్ని కొద్దిగా పెంచి దీనిని చాలావరకు సవరించవచ్చు. వేగంగా కదిలే వస్తువుల అంచుల వెంబడి క్షణకాలం కనబడే పసుపుపచ్చని జాడ అసలు లోపమే కాదు. ఆకుపచ్చ ఫాస్ఫర్ నీలపు ఫాస్ఫర్ కంటె ఆలస్యంగా ఆరిపోవడమే అందుకు కారణం.

ఇంతవరకు చెప్పిన పరీక్షలకు టెలివిజన్ వెనుక మూతను తెరవవలసిన పని లేదు, తెరవకూడదు కూడా. ప్లాస్మా తెరను నడిపే బోర్డులలో సుమారు 200 వోల్ట్ల విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గును తీసివేసిన తరువాత కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉండి ప్రాణాపాయం కలిగించగలదు. కనుక లోపలి దోషాన్ని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించాలి. బాగుచేయడం సాధ్యం కాదని తేలితే గుర్తింపు పొందిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ కేంద్రానికి అందజేయాలి. కొన్ని పాత ప్లాస్మా పలకలలో సీసపు సమ్మేళనాలు ఉన్నందున వాటిని పగులగొట్టి పారవేయడం నేలకు, నీటికి కీడు.

అయినా మెకానిక్కును పిలిచే సమయానికి వినియోగదారుడు చేసిన పరిశీలన వ్యర్థం కాదు. 'రంగు మారింది' అని మాత్రమే చెప్పేవాడు మెకానిక్కు మాటను నమ్మక తప్పదు. 'మెనూ తెల్లగా ఉంది, కేబుల్ మార్చినా మార్పు లేదు, వేరొక సాకెట్టులో చిత్రం బాగుంది' అని చెప్పగలిగినవాడు మాత్రం దోషం ఏ సాకెట్టు వద్ద ఉన్నదో ముందే చూపిస్తాడు. అవసరం లేని బోర్డును మార్పించి మోసపోడు. 'నిదానమే ప్రధానం' అన్న పెద్దల మాటలో ఓర్పు ఎంత ఉందో, కారణాన్ని వెదికే బుద్ధి కూడా అంతే ఉంది.