భుజం బేరం

కూరగాయల బజారులో కిలో వంకాయలకు అయిదు రూపాయలు తగ్గించమని పావుగంట వాదించే గృహిణులు మన ఇళ్లలో కొల్లలు. చీర కొనాలంటే నాలుగు దుకాణాలు తిరగనిదే మనసొప్పదు. ఇంటికి సున్నం వేయించాలన్నా ఇద్దరు మేస్త్రీలను పిలిచి అడుగుతాం. కాని ఆపరేషను అనేసరికి, మొదటిచోట చెప్పిన మొత్తానికే తల ఊపి, బ్యాంకులో ఉన్న డిపాజిట్టు విడిపించుకుని బయలుదేరుతాం. భయం ఒక కారణం. డాక్టరుగారు ఏమనుకుంటారోనన్న మొహమాటం మరొక కారణం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బేరాలకు వేళ ఉండదు, నిజమే. కాని భుజం ఆపరేషన్లలో చాలా భాగం అటువంటివి కావు. వారాలు, ఒక్కొక్కసారి నెలలు, ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని ఎలా వాడుకోవచ్చునో మా ఇంట జరిగినదాన్నిబట్టి చెబుతాను.

మాది మడికొండ. హైదరాబాదు నుంచి వరంగల్లు వచ్చేవారికి కాజీపేట ఇంకా రాకముందే మెట్టుగుట్ట, దానిమీద రామలింగేశ్వరస్వామి గుడి కనిపిస్తాయే, ఆ ఊరే. ఒకప్పటి గ్రామం ఇప్పుడు వరంగల్ నగరపాలక సంస్థలో భాగం. మా వదినగారు బడిపంతులమ్మ. కుడిచెయ్యి పైకెత్తి నల్లబల్లమీద రాయలేకపోయారు. తల దువ్వుకోవడానికి కూతురు సాయం కావలసి వచ్చింది. రాత్రిళ్లు ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్ర లేదు. ఎమ్మారై తీయిస్తే, భుజంలోని ఒక పట్టె చీలిందని తేలింది. ఆపరేషను చేయించుకోమన్నారు. ఇంట్లో ఉన్నదల్లా పిల్ల పై చదువుకని దాచిన 2 లక్షల రూపాయల డిపాజిట్టు.

"తమ్మీ, నీకు లెక్కలు తెలుసు గద! నాలుగు దవాఖానలు తిరిగి నువ్వే అడిగి రా. పిల్ల ఫీజు పైసలు ముట్టకుండ అయితే మంచిగుంటది" అన్నారు వదినగారు.

"అడిగితే చెప్తరా వాళ్లు?" అని అన్న సందేహం.

"అడగకపోతే అసలే చెప్పరు గద!" అన్నారావిడ.

సంచీలో ఎమ్మారై కాగితాలు పెట్టుకుని బయలుదేరాను. హనుమకొండలో అడుగడుగునా ఆస్పత్రి బోర్డులే. అక్కడ రెండుచోట్ల, హైదరాబాదులో ఒకచోట అడిగి మూడు చీటీలు తెచ్చాను. మొదటి చీటీలో 75 వేలు. రెండోదానిలో 1 లక్షా 30 వేలు. హైదరాబాదు చీటీలో 2 లక్షల 40 వేలు. చీలిక ఒకటే, చెయ్యి ఒకటే, ధరలు మూడు! అన్న వెంటనే మొదటి చీటీ అందుకుని, "ఇంకేం, ఇదే ఖాయం చేద్దాం" అన్నాడు. ఎవరైనా అదే అంటారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

చీటీ సంగతి తెలియాలంటే ముందు భుజం సంగతి కొంచెం తెలియాలి. మన భుజపు కీలు వెడల్పాటి చిన్న పళ్లెంమీద నిలబెట్టిన పెద్ద బంతి వంటిది. అందుకే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది. అందుకే సులువుగా తొలగుతుంది కూడా. ఆ బంతిని పళ్లెంమీద నిలిపి ఉంచేవి నాలుగు కండరాలు. వాటి చివరి పట్టెలు ఎముక తలను చొక్కా కఫ్ఫులాగా చుట్టి ఉంటాయి. దీన్నే డాక్టర్లు రొటేటర్ కఫ్ అంటారు. వయసుతో అరిగో, పడినప్పుడు దెబ్బతగిలో ఇది చీలుతుంది. చీలినదాన్ని మళ్లీ ఎముకకు కుట్టాలంటే, దారాలు తగిలించిన మేకుల వంటివాటిని ఎముకలో దిగవేసి, ఆ దారాలతో పట్టెను లాగి కడతారు. ఆ మేకులే యాంకర్లు. ఈ పనంతా చిన్న రంధ్రాలగుండా, సన్నని గొట్టంలోంచి తెరమీద చూస్తూ చేస్తారు. 1918లో టోక్యోలో కెంజీ తకాగి అనే వైద్యుడు మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టంతో ఒక మృతదేహపు మోకాలి లోపలికి తొంగిచూశాడు. ఆర్థ్రోస్కోపీ అనే ఈ విద్యకు అది తొలి అడుగుల్లో ఒకటి.

ఇప్పుడు చీటీలకు వద్దాం. మొదటి ఆస్పత్రికి మళ్లీ వెళ్లి, "ఈ 75 వేలలో ఏమేమి ఉన్నాయి?" అని అడిగాను. ఆపరేషను గది, సర్జనుగారి ఫీజు, రెండు రాత్రుల గది అద్దె అన్నారు. యాంకర్లో? విడిగా, ఒక్కొక్కటి 18 వేలు, మా వదినగారికి రెండు కావాలి. మత్తు డాక్టరుగారి ఫీజో? 8 వేలు. మందులు, ఒకసారి వాడి పారేసే సామాను? సుమారు 12 వేలు. కూడి చూడండి: 1 లక్షా 31 వేలు! రెండో చీటీలో రెండు యాంకర్లతో సహా ఇవన్నీ ముందే కలిపి ఉన్నాయి. చెయ్యి వేలాడదీసే స్లింగుకు మాత్రం 2,500 అదనం. అంటే సగానికి సగం తేడా ఉన్నట్టు కనిపించిన రెండు చీటీలూ నిజానికి అన్నదమ్ములే. హైదరాబాదు చీటీ ఒంటరి గదిది. ఇద్దరుండే గదిలో అయితే 1 లక్షా 95 వేలన్నారు. మంచం మారితే గది అద్దె ఒక్కటే మారదు. చాలా కార్పొరేటు ఆస్పత్రుల్లో గది తరగతినిబట్టి సర్జను ఫీజు మొదలు పరీక్షలదాకా అన్నీ మారతాయి. దానికి తోడు కాజీపేట నుంచి సికింద్రాబాదు సుమారు 130 కిలోమీటర్లు. కుట్లు విప్పడానికి, తర్వాత చూపించుకోవడానికి మళ్లీ మళ్లీ వెళ్లాలి, వెంట ఒకరుండాలి.

కాబట్టి చదువరులకు నా మనవి ఒక్కటే. ధరలను పోల్చేముందు ప్రశ్నలను ఒకటి చేయండి. నేను ఒక తెల్లకాగితంమీద ఇవి రాసుకుని ప్రతిచోటా అవే అడిగాను. ఆపరేషను పేరేమిటి? యాంకర్లు ఎన్ని, ఏ కంపెనీవి, ఒక్కొక్కటి ఎంత? లోపలికి వెళ్లాక ఇంకొకటి కావలసివస్తే ఎంత పెరుగుతుంది? మత్తు డాక్టరు, మందులు, పరీక్షలు కలిసినవేనా? ఏ తరగతి గది, ఎన్ని రాత్రులు? తర్వాత చూపించుకోవడానికి ఫీజు ఉందా? ఫిజియోథెరపీ ఎన్ని వారాలు, రోజుకెంత? ఈ ఆపరేషను చేసే డాక్టరుగారు ఏడాదికి ఇటువంటివి ఎన్ని చేస్తారు? చివరిదాన్ని అడగడానికి సంకోచించాను గాని, రెండోచోట డాక్టరుగారు నవ్వుతూ జవాబు చెప్పారు. చేయి తిరిగిన డాక్టరు దొరకడం నాలుగు వేల తగ్గింపుకన్న మేలు.

ఇలా అడగడం అమర్యాద కాదు, మన హక్కు. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నియమాలు, ఆస్పత్రులు తమ ధరలను స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ అందరికీ కనిపించేచోట రాసి పెట్టాలంటున్నాయి. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ధరలు తెలుసుకునే హక్కు, ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, మందులు తమకు నచ్చినచోట కొనుక్కునే హక్కు ఉన్నాయి. యాంకర్ల సంగతి ఎందుకు గుచ్చిగుచ్చి అడగమంటున్నానంటే, 2017లో ప్రభుత్వం ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు, ఆగస్టులో మోకాలి మార్పిడి భాగాలకు గరిష్ఠ ధరలు కట్టింది. ఆ ఉత్తర్వులు భుజం మేకులకు వర్తించవు.

డబ్బు లేనివారి గతేమిటి? వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రి, మనమందరం ఎమ్‌జీఎమ్ అనేది, ఉండనే ఉంది. 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు అది బోధనాసుపత్రి. హైదరాబాదులో నిమ్స్ ఉంది. అది నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా మొదలైంది కనుకనే పాతవారు దాన్ని ఇప్పటికీ బొక్కల దవాఖాన అంటారు. ఆహారభద్రత కార్డున్న కుటుంబాలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అయితే అన్ని ఆపరేషన్లూ అందులో ఉండవు. మీకు చెప్పిన ఆపరేషను పేరు ఆ జాబితాలో ఉందో లేదో ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగాలి. సొంత బీమా ఉన్నవారు రెండు సంగతులు చూసుకోవాలి: కీళ్ల జబ్బులకు పాలసీలో నిరీక్షణకాలం ఉందా, గది అద్దెకు పరిమితి ఉందా. పరిమితి దాటిన గదిలో దిగితే, కొన్ని పాలసీల్లో మిగతా బిల్లును కూడా అదే నిష్పత్తిలో కోస్తారు.

అన్నిటికన్న చవకైన ప్రశ్నను చివరికి ఉంచాను: అసలీ ఆపరేషను ఇప్పుడు కావాలా? భుజం పట్టుకుపోయే జబ్బు, ఫ్రోజెన్ షోల్డర్, నడివయసులోనూ చక్కెర వ్యాధి ఉన్నవారిలోనూ ఎక్కువ. బ్రిటనులో 35 ఆస్పత్రుల్లో 503 మందిమీద ఒక పరిశీలన జరిగింది; ఫలితాలు 2020లో వచ్చాయి. కొందరికి ఇంజెక్షనుతోపాటు వ్యాయామం, కొందరికి మత్తిచ్చి చేతిని కదపడం, కొందరికి ఆపరేషను. ఏడాది తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. భుజం దగ్గర ఎముక విరిగి పక్కకు జరిగిన 250 మందిని ఆ దేశంలోనే చూశారు. రెండేళ్లకు ఆపరేషనయినవారూ, స్లింగుతో ఊరుకున్నవారూ ఇంచుమించు ఒకటిగానే ఉన్నారని 2015లో తేలింది. అలాగని అన్నిటికీ వ్యాయామమే మందనుకోరాదు. పడి దెబ్బ తగిలి పట్టె పూర్తిగా తెగినవారు, ముఖ్యంగా వయసులో ఉన్నవారు, జాగు చేస్తే తెగిన కండ వెనక్కు ముడుచుకుపోయి కుట్టడమే కష్టమవుతుంది. మాటిమాటికీ భుజం తొలిగే కుర్రవాడికీ ఆపరేషనే మేలు కావచ్చు. ఏది మీ జబ్బో తేల్చవలసింది డాక్టరుగారు. తేల్చమని అడగవలసింది మీరు.

మా వదినగారి ఎమ్మారైని మరో డాక్టరుగారికి చూపించాం. పట్టె పూర్తిగా తెగలేదు, సగమే చీలింది. మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చేయించి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు కుడదాం అన్నారాయన. ఇప్పుడు రెండో నెల నడుస్తున్నది. వదినగారు తల తామే దువ్వుకుంటున్నారు. అటకమీది డబ్బా మాత్రం ఇంకా అందదు. నల్లబల్లమీద కింది సగంలో రాస్తున్నారు. డిపాజిట్టు బ్యాంకులోనే ఉంది. మూడో నెల చివర ఏమంటారో చూడాలి.

నా ప్రశ్నల కాగితం మాత్రం ఊరికే పోలేదు. మా వీధిలో మరమగ్గాలమీద పనిచేసే కుర్రవాడికి భుజం నాలుగుసార్లు తొలిగింది. వాళ్ల నాన్న ఆ కాగితం తీసుకువెళ్లి, మూడుచోట్ల అడిగి, హనుమకొండలోనే ఆపరేషను చేయించాడు. బిల్లు చీటీలో రాసినదానికి 3 వేలే పెరిగింది. అయితే ఆయన వచ్చి నాతో అన్నమాట ఇది: "అన్నీ అడిగిన సారూ, గని చెయ్యి కట్టుకొని కూసున్నన్ని రోజులు మగ్గం ఎవరు చూస్తరని మాత్రం అడగలే."

భుజం కుట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగులో ఉంటుంది. బరువు పనులకు నెలలు పడుతుంది. మగ్గంమీద మనిషికి అది కూలి, ఉద్యోగికి సెలవు, ఇల్లాలికి వంటిల్లు. పోపు ఎవరు వేస్తారు, నీళ్లబిందె ఎవరు ఎత్తుతారు, జడ ఎవరు అల్లుతారు? ఆపరేషను తేదీ వేయించుకునే ముందురోజు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ఆరు వారాల పనులు పంచుకోండి. ఆ లెక్క ఏ ఆస్పత్రి చీటీలోనూ ఉండదు.