బాణం కింద ఆ చిన్న ఆసరా ఎందుకు?

2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమెది కాంపౌండ్ విల్లు. అదే ఊరి విలుకాడు బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్ విల్లు. రెండింటిలోనూ బాణం ‘యారో రెస్ట్’ అనే చిన్న ఆసరా మీదే నిలుస్తుంది. కానీ ఆ రెస్టులు వేరు వేరు. ఎందుకు?

వదిలిన క్షణంలో బాణం వంగుతుంది. రికర్వ్‌లో నారిని వేళ్లతో వదులుతారు. అది వేళ్ల మీంచి పక్కకు జారుతుంది కాబట్టి బాణమూ పక్కలకు వంగుతూ పోతుంది. అందుకే బాణం కింద సన్నని తీగ, పక్కన స్ప్రింగు బటన్ పెడతారు. ఆ తోపును బటన్ మెత్తగా కాచుకుంటుంది.

కాంపౌండ్‌లో నారిని వదిలేది రిలీజ్ అనే పరికరం. పక్క ఊపు బాగా తక్కువ. బాణం ఎక్కువగా పైకీ కిందికీ వంగుతుంది. కింద సన్నని ఉక్కు రేకు చాలు. లేదా, బాణం కదలగానే కిందికి పడిపోయే రెస్ట్. ఎంత అందమైన ఆలోచనో చూడండి! బాణం తోకనున్న ఈకలు రెస్టుకు తగిలితే గురి చెడుతుంది. రెస్టే తప్పుకుంటే ఇక తగలడానికేముంది? తగులుతోందేమోనని అనుమానమైతే ఈకలకు పౌడర్ అద్ది వేసి చూడాలి. పౌడర్ చెదిరిన చోటు తగులుతున్నట్టే.

అమెరికా వేటగాళ్లలో చాలామంది బాణాన్ని చుట్టూ పట్టి ఉంచే కుచ్చుల రెస్ట్ వాడతారు. విల్లు ఎటు వంచినా బాణం జారదు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను అడ్డుకుంటోంది. కాబట్టి ఇక్కడ విల్లు పట్టాలనుకునే పిల్లలకు ఆ రకంతో పనిలేదు. నారిని వేళ్లతో వదులుతారా, రిలీజ్‌తోనా, విల్లు పట్టేది ఏ చేత్తో అన్నవి తేల్చుకున్నాకే రెస్ట్ కొనాలి.