వానపాము కండరానికి కబురు చేరేదెలా?

తొలకరి పడగానే భద్రాచలం అడవి అంచు చేలలో వానపాములు పైకి వస్తాయి. వాటినే ఎర్రలనీ అంటారు. ఒకదాన్ని కాసేపు చూడండి. సన్నగా సాగుతుంది, మళ్లీ పొట్టిగా లావెక్కుతుంది. ఒంటి చుట్టూ ఉంగరాల్లా ఉన్న కండరాలు బిగిస్తే సాగుతుంది, పొడవునా ఉన్నవి బిగిస్తే కుదించుకుంటుంది.

మరి బిగుసుకోమని చెప్పేదెవరు? నరాలే. నరాల కణాలు పంపే కబుర్లలో పెప్టైడ్లు ఒక రకం. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాలు గుచ్చిన చిన్న దండ. దాన్ని పట్టుకునే ప్రోటీన్ కణం పైపొరలో ఉంటుంది. అదే గ్రాహకం. పెప్టైడ్ తగులుకోగానే గ్రాహకం ఆకారం కాస్త మారుతుంది. ఆ కదలికతో లోపలి జీ ప్రోటీన్ మేల్కొంటుంది, కణంలో దాగిన కాల్షియం బయటపడుతుంది, కండరం బిగుస్తుంది. గ్రాహకం లేని కణానికి ఆ కబురే అందదు!

1994లో జపాన్ శాస్త్రవేత్తలు ఐసీనియా ఫెటిడాలో అన్నెటోసిన్ అనే పెప్టైడ్‌ను కనుక్కున్నారు. మన రైతులు ఎరువు కోసం తొట్లలో పెంచే వానపాముల్లో ఈ జాతి ఒకటి. ఆ పెప్టైడ్ పేగునీ, విసర్జక నాళాలైన నెఫ్రీడియాలనీ మరింతగా కదిలిస్తుంది, గుడ్లు పెట్టే ప్రవర్తననూ మొదలుపెడుతుంది. నన్ను అబ్బురపరిచేది వేరే ఉంది. కాన్పు వేళ అమ్మ గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్ దీనికి చుట్టం. రెండింటిలోనూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాలు!

ఈసారి పెద్ద వానపాము కనబడితే తలవైపున్న లావుపాటి పట్టీని గమనించండి. గుడ్ల గూడు తయారయ్యేది అక్కడే.