వెన్నుపాము దెబ్బ: ఇంటికొచ్చాకే అసలు జాగ్రత్త

బైక్ ప్రమాదంలోనో, చెట్టు మీది నుంచి పడో వెన్నుపాము దెబ్బతింటే కాళ్ల కదలికతో పాటు స్పర్శ కూడా పోవచ్చు. డిశ్చార్జి కాగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "మళ్లీ నడుస్తాడా?" కానీ ఇంటికొచ్చాక ప్రాణం మీదికి తెచ్చేవి పడక పుండ్లు, మూత్రం ఇన్ఫెక్షన్లు.

స్పర్శ లేనిచోట ఒరుసుకున్నా నొప్పి తెలియదు. అందుకే పడుకున్నప్పుడు సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. వీల్‌చైర్‌లో 15-30 నిమిషాలకోసారి బరువు మార్చుకోవాలి. పిరుదులు, మడమలు రోజూ చూడాలి. ఎరుపు కనిపిస్తే అది తగ్గేదాకా అక్కడ బరువు పడనివ్వొద్దు. నమాజు కుర్చీలోనో, పడుకునో సైగలతో చేసుకోవచ్చు కాబట్టి గట్టి నేల మీద కూర్చోబెట్టనక్కర్లేదు.

మూత్రం నిండినా తెలియకపోతే కిడ్నీలు పాడవుతాయి. చాలామందికి 4-6 గంటలకోసారి శుభ్రమైన పైపుతో తీయడం డాక్టర్లు నేర్పుతారు. చేతులు పనిచేసేవారు తామే నేర్చుకుంటే మేలు, ఒకరి కోసం ఎదురుచూసే పని ఉండదు.

మెడ, ఛాతీ పైభాగంలో దెబ్బ తగిలినవారికి ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరిగి ఉండొచ్చు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, మూత్రం ఆగిందేమో, పైపు మెలిపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వెల్లూరు సీఎంసీ డాక్టర్ మేరీ వర్ఘీస్ 1954 ప్రమాదం తర్వాత నడవలేకపోయారు. అయినా వీల్‌చైర్‌లోనే ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రానికి ఆమే సారథి. నడక తిరిగి రాకపోయినా, ఈ జాగ్రత్తలు అలవాటైతే పని, చదువు, సంసారం మళ్లీ చేతికొస్తాయి.