పాటగాడు కనిపెట్టిన అద్దం

గొంతులోకి తొంగిచూసే పరికరాన్ని కనిపెట్టింది డాక్టరు కాదు, పాట నేర్పే గురువు. పేరు మాన్యుయెల్ గార్సియా. 1805లో స్పెయిన్‌లో పుట్టాడు. తండ్రి పేరుమోసిన గాయకుడు. చెల్లెళ్లు మరియా మలిబ్రాన్, పాలిన్ వియార్డో ఐరోపా ఒపెరా వేదికలను ఏలినవాళ్లు. ఆయన మాత్రం వేదిక వదిలి నేర్పడంలో స్థిరపడ్డాడు. పాడేటప్పుడు గొంతులో ఏం జరుగుతోందో కళ్లారా చూడాలన్నది ఆయన ఏళ్లనాటి కోరిక.

1854లో పారిస్‌లో ఎండ తళుక్కుమనడం చూసి ఆయనకు ఉపాయం తట్టింది. నేరుగా శస్త్రచికిత్స పరికరాల దుకాణానికి వెళ్లి, పొడవాటి కాడ ఉన్న పళ్లడాక్టరు అద్దం ఆరు ఫ్రాంకులకు కొన్నాడు. వేడినీళ్లలో ముంచి, తుడిచి, కొండనాలుకకు ఆనించాడు. రెండో చేతిలోని అద్దంతో ఎండను దాని మీదికి మళ్లించాడు. తన స్వరపేటిక తనకే కనిపించింది! చూసిందంతా రాసి 1855లో లండన్ రాయల్ సొసైటీకి అందించాడు.

ఆ అద్దానికి ఎండే దీపం. వియన్నాలో లుడ్విగ్ ట్యూర్క్ అనే డాక్టరు 1857 వేసవిలో అదే పద్ధతిలో రోగుల గొంతులు చూశాడు గానీ, చలికాలం మబ్బులు కమ్మేసరికి పక్కన పెట్టేశాడు. యోహాన్ చెర్మాక్ అనే మరో డాక్టరు ఆయన దగ్గర ఆ అద్దాలు అడిగి తీసుకుని, దీపపు వెలుగును నడుమ రంధ్రమున్న పుటాకార దర్పణంతో గొంతులోకి పంపాడు. దాంతో అద్దం ఆసుపత్రికి చేరింది. డాక్టరు నాలుకను గుడ్డతో పట్టుకుని, అద్దం ఆవిరి పట్టకుండా స్పిరిట్ దీపం మీద కాస్త కాచి, తన ముంజేతికి తాకించి వేడి చూసుకుని, ‘ఈ’ అనమంటాడు. ఈనాటికీ ఈఎన్‌టీ విద్యార్థులు దాన్ని నేర్చుకుంటూనే ఉన్నారు.

పాటగాళ్ల కోసం పుట్టిన ఈ పరికరం మన పాటగాళ్ల దాకా సరిగా రాలేదన్నదే నా బాధ. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’ ఆడింది. తోలుబొమ్మలాట కుటుంబాల నుంచి పుట్టిన ఆ సురభి నాటకాలు మైకులు లేని రోజుల్లో చివరి వరసకు వినిపించాలంటే గొంతే ఆధారం. ఇప్పటికీ కర్నూలు, కడప పల్లెల్లో పౌరాణిక నాటకమంటే తెల్లవార్లూ పద్యాలే. హార్మోనియం పైశ్రుతిలో ఉంటుంది, రాగం సాగుతుంది, ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ ఎత్తుకోవాలి. పొడిగాలి, దుమ్ము, నిద్రలేమి సరేసరి.

ఆ శ్రమ ఎంతో లెక్క వేసి చూడండి. స్వరతంత్రుల పొడవు రెండు సెంటీమీటర్లు అటూఇటూ. సెకనుకు 200 సార్లు అదిరే స్వరాన్ని గంటసేపు పాడితే అవి ఒకదానికొకటి 7,20,000 సార్లు తగులుతాయి. పైపొర తడిగా, మెత్తగా ఉంటేనే అది అలలా కదులుతుంది. ఎండిపోతే అదే స్వరానికి ఊపిరి ఎక్కువ ఒత్తిడితో తోయాలి. ఆ రాపిడి ఏళ్ల తరబడి సాగితే రెండు వైపులా ఎదురెదురుగా, పార పట్టిన చేతికి కాయలు కాచినట్టు, చిన్న బుడిపెలు లేస్తాయి.

గొంతు బొంగురుపోగానే మన వైద్యం మిరియాల పాలు, కలకండ, కరక్కాయ. గొంతుకు హాయిగా ఉంటాయి, కాదనను. కానీ మింగింది అన్నవాహికలోకి పోతుంది. స్వరతంత్రులు శ్వాసనాళం ముఖద్వారంలో ఉంటాయి. మందు వాటిని తాకనే తాకదు. తాగిన నీళ్లు సైతం ఒళ్లంతా తిరిగాకే ఆ పొరకు చేరతాయి. అందుకే నాటకం రోజు పొద్దుటి నుంచే నీళ్లు తాగుతుండాలి, తెర లేచే వేళకు గుక్కెడు తాగితే చాలదు.

అద్దంలో బుడిపె కనిపిస్తుంది, అదురు కనిపించదు. 1878లో మాక్స్ జోసెఫ్ ఓర్టెల్ అనే డాక్టరు దానికీ దారి చూపాడు. రంధ్రాలున్న చక్రం తిప్పి వెలుగును ముక్కలు చేశాడు. తంత్రులు సెకనుకు 200 సార్లు అదురుతుంటే వెలుగు 199 సార్లు మెరిసిందనుకోండి, ప్రతి మెరుపుకూ అదురు కాస్త ముందుకు జరిగి కనిపిస్తుంది. సెకనుకు ఒక్క అల నింపాదిగా కదులుతున్నట్టు కంటికి తోస్తుంది. ఇదే స్ట్రోబోస్కోపీ. ఇప్పుడు మైకు పట్టిన స్వరాన్ని బట్టి యంత్రమే మెరుపు వేగాన్ని సరిచేస్తుంది. 1968లో జపాన్‌లో సవాషిమా, హిరోసె వాడుకలోకి తెచ్చిన ఫైబర్ గొట్టం ముక్కులోంచి దిగుతుంది కాబట్టి, పద్యం పాడిస్తూనే చూడొచ్చు.

ఇలా చూడటం ఎందుకంటే, బొంగురు ఒకటే అయినా కారణాలు వేరు. కాయల్లాంటి బుడిపెలు చాలామందికి స్వర చికిత్సతో, పాడే తీరు మార్చుకోవడంతో తగ్గుతాయి. ఒకవైపు లేచే పాలిప్‌కు కత్తి అవసరం పడొచ్చు. పొగతాగేవాళ్లలో బొంగురు క్యాన్సర్ తొలి గుర్తూ కావచ్చు. చెవికి తేడా తెలియదు. 1841లో గొంతు చెడి వచ్చిన స్వీడన్ గాయని జెన్నీ లిండ్‌ను ఆరు వారాలు పాడొద్దని, వీలైనంత తక్కువ మాట్లాడమని గార్సియా పంపేశాడు. అప్పటికి ఆయన చేతిలో అద్దం లేదు, అనుభవమే ఆధారం.

బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. వైద్య కళాశాల ఉన్న కర్నూలు పెద్దాసుపత్రి ఉంది; కడపలో 2006లో వచ్చిన రిమ్స్ ఉంది. స్ట్రోబోస్కోపీ ఎక్కడ చేస్తారో, స్వర చికిత్సకు స్పీచ్ థెరపిస్టు ఎవరో అక్కడే అడగండి. మైసూరులో వాక్కు, వినికిడి కోసమే ఒక జాతీయ సంస్థ ఉంది. పాడేవాళ్లమని, ఏ శ్రుతిలో పాడతామో, ఏ స్వరం దగ్గర పట్టేస్తోందో విడమరిచి చెప్పండి. వీలైతే గొంతు బాగున్నప్పుడే ఒకసారి చూపించుకుని ఆ వీడియో దాచుకోండి. రేపు గొంతు పట్టేసినప్పుడు కనిపించే వాపు కొత్తదో పాతదో డాక్టరు పోల్చి చూడటానికి అది పనికొస్తుంది.