డిగ్రీ నాలుగో ఏడాది కెమిస్ట్రీ ప్రాజెక్టు: ఖరీదైన పరికరాలు లేకపోతే పరిశోధన కాదా?

నాలుగేళ్ల డిగ్రీ ఇప్పుడు దేశవ్యాప్తంగా కాలేజీల్లోకి వస్తోంది. దిల్లీ యూనివర్సిటీలో 2022లో చేరిన తొలి బ్యాచ్ 2025లో నాలుగో ఏడాదిలోకి అడుగుపెట్టింది. ఇప్పటిదాకా ఎమ్మెస్సీ చివర్లోనో, పీహెచ్‌డీలోనో ఎదురయ్యే 'నీ ప్రాజెక్టు ఏంటి?' అన్న ప్రశ్న ఇక డిగ్రీ విద్యార్థులకూ తప్పదు.

దానికి ఏం సమాధానం చెప్పాలో చాలామందికి తెలియదు. మా కాలేజీలో ఎన్ఎంఆర్ లేదు, ఎక్స్ఆర్‌డీ లేదు, ఇంక పరిశోధన ఏం చేస్తాం అన్నది మొదట వినిపించే మాట. కానీ డిగ్రీ స్థాయి ప్రాజెక్టు నిలబడేది పరికరం మీద కాదు. అడిగిన ప్రశ్న ఎంత చిన్నది, వచ్చిన అంకెను ఎంతగా అనుమానించారు అన్న వాటి మీద.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

జాతీయ విద్యా విధానం-2020కి అనుగుణంగా యూజీసీ 2022 డిసెంబర్‌లో కొత్త కరిక్యులం ఫ్రేమ్‌వర్క్ ప్రకటించింది. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు ఉండాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్న వారు నాలుగో ఏడాదిలో 'ఆనర్స్ విత్ రీసెర్చ్' ఎంచుకోవచ్చు. వాళ్లు 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలి. మిగతా ఆనర్స్ విద్యార్థులు దాని బదులు అదనపు కోర్సులు చదువుతారు.

ఈ ప్రాజెక్టు మార్కులకే పరిమితం కాదు. 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం సాధించిన వారు ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీ పడవచ్చు. అంటే పరిశోధన తనకు సరిపడుతుందో లేదో విద్యార్థి తేల్చుకునే మొదటి అవకాశం ఇదే.

ప్రాక్టికల్‌కూ, ప్రాజెక్టుకూ తేడా ఏంటి?

ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ జవాబు లెక్చరర్‌కు ముందే తెలుసు. మీ విలువ దానికి దగ్గరగా వస్తే మార్కులు పడతాయి. ప్రాజెక్టులో జవాబు గైడ్‌కు కూడా తెలియదు. కాబట్టి 'నా అంకె సరైనదే' అని చూపించాల్సిన బాధ్యత మీదే.

ఇక్కడే అంశం ఎంపిక కీలకమవుతుంది. ఆకుల రసంతో వెండి నానో కణాలు తయారు చేయడం కాలేజీల్లో బాగా కనిపించే అంశం. ద్రావణం రంగు మారుతుంది, యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్‌లో 400-450 నానోమీటర్ల మధ్య ఒక శిఖరం వస్తుంది. కానీ కణాల పరిమాణం, ఆకారం కచ్చితంగా చెప్పాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. శాంపిల్ ఎక్కడికో పంపి, ఫలితం కోసం ఎదురుచూడాలి. చివరి వారంలో నివేదిక వస్తే, తప్పు ఎక్కడుందో చూసుకుని మళ్లీ చేసే సమయం ఉండదు.

కాలేజీలో ఉన్న పరికరంతో పదిసార్లు కొలవగలిగే ప్రశ్న ఇంతకన్నా మేలు.

ఒక ఉదాహరణ: నీటిలో ఫ్లోరైడ్

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. తర్వాత నల్గొండ పేరు ఈ సమస్యతో ముడిపడిపోయింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పుర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

'మా ఊరి బోరు నీటికి ఎంత పటిక వేస్తే ఫ్లోరైడ్ 1.5 కన్నా తగ్గుతుంది?' ఇది ఒక డిగ్రీ విద్యార్థి చేయగల ప్రశ్న. మామూలు స్పెక్ట్రోఫొటోమీటర్ చాలు. జిర్కోనియం-స్పాడ్న్స్ రియేజెంట్ ఎర్రగా ఉంటుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ రంగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు.

మొదట బోరు నీటి జోలికి వెళ్లకూడదు. 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు నీటిలో కరిగిస్తే, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ప్రామాణిక ద్రావణం వస్తుంది. దాన్ని పలుచన చేసి కాలిబ్రేషన్ గీత గీయాలి. ఈ పద్ధతి 1.4 మిల్లీగ్రాముల వరకే సరిగా పనిచేస్తుంది. అంతకన్నా ఎక్కువున్న శాంపిల్‌ను పలుచన చేసి కొలవాలి.

అంకె ఎక్కడ మోసం చేస్తుంది?

పటిక వేశాక కొలిస్తే ఫ్లోరైడ్ బాగా తగ్గినట్లు కనిపిస్తుంది. అక్కడితో ఆపేస్తే ప్రాజెక్టు 'విజయవంతం'. కానీ పటికలో ఉన్నది అల్యూమినియం. అది నీటిలో మిగిలితే ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంచుతుంది. రియేజెంట్‌కు ఆ ఫ్లోరైడ్ పూర్తిగా అందదు. దాంతో అసలు ఉన్నదానికన్నా తక్కువ అంకె వస్తుంది. నీరు శుభ్రమైందని రాసిన చోట నిజానికి ఫ్లోరైడ్ ఇంకా ఉండొచ్చు.

దీన్ని పట్టుకునే పరీక్ష తేలికే. శుద్ధి చేసిన నీటిని తగినంత పలుచన చేసి, అందులో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున ఫ్లోరైడ్ కలపండి. రీడింగ్ కూడా 0.5 పెరగాలి. 0.3 మాత్రమే పెరిగితే ఏదో అడ్డుపడుతోందని అర్థం. అప్పుడు శాంపిల్‌ను స్వేదనం చేసి కొలవాలి. లేదా అల్యూమినియం పట్టును విడిపించే బఫర్ కలిపి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో సరిచూడాలి.

ఈ ఒక్క మెట్టుతో ప్రాజెక్టు స్వభావమే మారిపోతుంది. 'పటిక పనిచేస్తుంది' అన్నది పుస్తకాల్లో ఉన్నదే. 'పటిక శుద్ధి తర్వాత ఈ పద్ధతితో కొలిస్తే మా ఊరి నీటిలో ఇంత తేడా వస్తుంది' అన్నది మీరు కనుక్కున్నది. ఆ నీళ్లు తాగేవాళ్లకు పనికొచ్చేదీ అదే.

అనుకున్నది రాకపోతే?

రాయాలి. మూడుసార్లు కొలిస్తే మూడు విలువలూ నోట్‌బుక్‌లో ఉండాలి. నచ్చని అంకెను కొట్టేయాలంటే కారణం కూడా పక్కనే రాయాలి. తేదీ, రియేజెంట్ సీసా వివరాలు, పీహెచ్ అప్పటికప్పుడే నమోదు చేయాలి. శాంపిల్‌లో క్లోరిన్ ఉంటే తొలగించడానికి వాడే సోడియం ఆర్సెనైట్ విషం. దాన్ని సింకులో పారబోయకూడదు. ల్యాబ్‌లో ఒంటరిగా పనిచేయకూడదు.

డబ్బిస్తే రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్లకు కొదవ లేదు. యూజీసీ 2018 నిబంధనలు థీసిస్, డిసర్టేషన్లలో 10 శాతం వరకు పోలికను ఉపేక్షిస్తాయి. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే సవరించి మళ్లీ సమర్పించాలి. అయితే సాఫ్ట్‌వేర్ పట్టుకునేది కాపీ కొట్టిన వాక్యాలనే. కల్పించిన అంకెలను అది పట్టుకోలేదు. నోట్‌బుక్ తెరిచి 'ఈ రోజు రీడింగ్ ఎందుకు తగ్గింది?' అని అడిగే గైడే పట్టుకోగలరు.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

వేరే సంస్థల్లోని పరికరాలను బుక్ చేసుకోవడానికి ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది. ఐఐటీ మద్రాస్ వంటి చోట్ల ఉన్న 'సైఫ్' కేంద్రాలు ఫీజు తీసుకుని బయటి శాంపిళ్లనూ పరీక్షిస్తాయి. కేంద్ర కేబినెట్ 2024 నవంబర్‌లో ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13 వేల జర్నళ్లను అందుబాటులోకి తెచ్చేందుకు ఉద్దేశించింది. మీ కాలేజీ ఆ పరిధిలో ఉందో లేదో లైబ్రేరియన్‌ను అడగండి.

ఆనర్స్ విత్ రీసెర్చ్ నిర్వహించే విభాగంలో పీహెచ్‌డీ గైడ్‌లుగా గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉండాలని కూడా యూజీసీ ఫ్రేమ్‌వర్క్ చెబుతోంది. చేరేముందు పరికరాల జాబితా కన్నా ముందు అడగాల్సింది ఇదే: ఆ ఇద్దరు ఎవరు, వారానికి ఎన్ని గంటలు ల్యాబ్‌లో మీతో ఉంటారు?