ఫలితం సీసా దగ్గరే మొదలు

బెంగళూరు మురుగును, పరిశ్రమల వ్యర్థాలను మోసుకొచ్చే దక్షిణ పినాకిని, హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయం వద్ద తెల్లటి నురగ కక్కడం అక్కడి తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. ఇలాంటి నీటిపై సైన్సు ప్రాజెక్టు చేసే పిల్లలకు వచ్చే మొదటి సందేహం: ఇందులో విషం ఉందా?

రసాయన పరీక్ష ఒక్కో పదార్థం ఎంతుందో చెబుతుంది. అన్నీ కలిసి ప్రాణిని ఏం చేస్తాయో తెలియాలంటే ప్రాణినే అడగాలి. అందుకే ల్యాబుల్లో అలివిబ్రియో ఫిషెరి అనే వెలుగునిచ్చే సముద్రపు బ్యాక్టీరియాను వాడతారు. విషం తగిలితే దాని వెలుగు తగ్గుతుంది. ఐఎస్‌ఓ 11348 ప్రమాణం ప్రకారం 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, 30 నిమిషాల వరకు ఆ తగ్గుదలను కొలుస్తారు.

ఈ పరీక్ష ల్యాబు పని. నమూనా తీయడం మాత్రం టీచర్ల పర్యవేక్షణలో బడి చేయగలదు. అక్కడ తప్పు జరిగితే ఎంత మంచి యంత్రమైనా సరిదిద్దలేదు.

నీళ్లయితే...

శుభ్రమైన గాజు సీసా వాడాలి. సబ్బు జాడ మిగిలితే బ్యాక్టీరియాను దెబ్బతీసేది నది కాదు, మన సబ్బే. గాలి మిగలకుండా నింపి, బిగుతుగా మూతపెట్టి, వెలుతురు తగలకుండా ఐసుపెట్టెలో ఉంచాలి. ల్యాబులో 2 నుంచి 5 డిగ్రీల మధ్య నిల్వచేసి, 48 గంటల్లోపు పరీక్షిస్తారు. కుళాయి నీళ్లయితే ముందే చెప్పాలి. అందులోని క్లోరిన్ కూడా వెలుగును ఆర్పేస్తుంది. బ్యాక్టీరియా సముద్రానిది కనుక లీటరుకు 20 గ్రాముల సోడియం క్లోరైడ్ ల్యాబులోనే కలుపుతారు. బడిలో వంటింటి ఉప్పు వేయకూడదు. బురద నీటిని గుడ్డతో వడగట్టకూడదు. విషం మట్టిరేణువులకే అంటుకుని ఉండవచ్చు.

మట్టి అయితే...

ఒకేచోట కాక, పొలంలో నాలుగైదు చోట్ల తీసి కలపాలి. జింకు పూత ఉన్న పనిముట్లు వద్దు. ఎండలో ఆరబెడితే ఆవిరయ్యే రసాయనాలు పోతాయి. ల్యాబులో రాళ్లు, వేళ్లు తీసేసి, నీటితో గిలకొట్టి, తేరిన సారాన్ని పరీక్షిస్తారు.

చీటీ మరవొద్దు

స్థలం, తేదీ, సమయం, తీసినవారి పేరు ప్రతి సీసాపై ఉండాలి. మన పిల్లలు తెలుగులోనూ, ల్యాబువారికి తెలిసిన భాషలోనూ రాస్తే రెండు భాషల్లో శాస్త్రం నేర్చినట్టే. పోల్చి చూసేందుకు డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, అదే దారిలో వెనక్కి తేవాలి.

పెద్దలు లేకుండా పిల్లలను గట్టు దిగనివ్వకూడదు. చేతికి తొడుగులు తప్పనిసరి.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. వెలుగు తగ్గలేదంటే ఆ నీరు తాగవచ్చని అర్థం కాదు. రోగక్రిముల పరీక్ష వేరు, దాని సీసా వేరు.

ల్యాబు అందుబాటులో లేకపోతే ఉల్లిగడ్డ ఉంది. ఒకదాని అడుగు మంచినీటిలో, మరొకదాని అడుగు నమూనా నీటిలో ఆనించి, కొన్ని రోజులు వేళ్ల పొడవు కొలవండి. ఒక్కోరకం నీటికి ఐదారు గడ్డలు పెడితే పోలిక నమ్మదగ్గదవుతుంది.